దారిలో ఆగని బండి

మా బావ రొజేర్ బండి ఏనాడూ దారిలో ఆగలేదు. దారెక్కితే కదా ఆగడానికి!

ఈ మాట అతని ముఖం మీదే చాలాసార్లు అన్నాను. అతనికి కోపం రాలేదు. ఒకసారైతే నన్ను గదిలోకి పిలిచి, మెత్తటి గుడ్డ ఒకటి చేతిలో పెట్టి, "ముట్టుకుని చూడు మరదలా. ముందు ఆ ఉంగరం తియ్యి, గీతలు పడతాయి," అన్నాడు. నా పెళ్ళి ఉంగరం. తీశాను కూడా, నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

బండి అంటే మూడు చక్రాల మోటార్‌సైకిల్. ముందు రెండు, వెనక ఒకటి. మోకాళ్ళు అరిగి, రెండు చక్రాల బండిని నిలబెట్టుకోలేని వయసు రాగానే కెబెక్ దగ్గరి మా బోస్ ప్రాంతంలో మగవాళ్ళంతా దీని మీదికి మారతారు. ముందొక పెట్టె, పక్కన రెండు పెట్టెలు, వెనక కూర్చునేవాళ్ళకి వీపు ఆనుకునే దిండు, చలికి వెచ్చబడే పిడులు. ఊళ్ళు తిరగడానికి పుట్టిన బండి. అలాంటి బండికి కాపురం గదిలోనే పెట్టించిన మొనగాడు మా బావ.

రొజేర్ ప్లూర్ద్ మా అక్క ఉగెత్ మొగుడు. రంపపు మిల్లులో మెషీన్లకి గ్రీజు పెట్టి, బేరింగులు మార్చి రిటైరయ్యాడు. మంచివాడంటుంది ఊరు. తాగడు. మా వైపు తిట్లంటే చర్చిలోని సామాన్ల పేర్లే; మా వాళ్ళందరిలా వాటిని వరసగా ఎత్తి తిట్టడు. చెయ్యి చేసుకోడు. ఊరికేం పోయింది, ఉగెత్ ఊరికి అక్క కాదు కదా. మా అక్కకి అతను చేసినంత అన్యాయం ఏ తాగుబోతూ చెయ్యలేడని నేనంటాను. తాగుబోతుకి మర్నాడు పొద్దున్నయినా సిగ్గు వేస్తుంది.

ఈ బండి జబ్బు అతనికి పెళ్ళిలోనే పట్టుకుంది. ఆ రోజుల్లో మా వైపు పెళ్ళయిన జంట నయాగరాకైనా పోవాలి, గాస్పేజీ తీరానికైనా పోవాలి. అక్కకి నయాగరా అక్కర్లేదు. గాస్పేజీ కొసన, పెర్సే దగ్గర, సముద్రంలో చిల్లు పడ్డ కొండ ఒకటి నిలబడి ఉంటుంది. మా వంటింట్లో ఆ బొమ్మతో ఒక పాత క్యాలెండర్ ఉండేది. ఏడాది అయిపోయినా అమ్మని అది తియ్యనివ్వలేదు అక్క. పెళ్ళికి కట్నాలు కానుకలు ఏమీ అడగలేదు, ఆ కొండ ఒక్కటి చూపించమంది.

రొజేర్ వాళ్ళ చిన్నాన్న కారు అడిగి తెచ్చాడు. వెనక రేకు డబ్బాలు కట్టి, అద్దం మీద 'కొత్త జంట' అని సబ్బుతో రాసి, మేమంతా చేతులూపి సాగనంపాం. మోంమాన్యీ అనే ఊరి దాకా వెళ్ళారో లేదో ఇంజన్ కాలిపోయింది. అందులో ఆయిల్ లేదు. ఎవరూ చూడలేదు, పెళ్ళికొడుకు అంతకన్నా చూడలేదు. మొదటి రాత్రి ఎవరిదో మెకానిక్ షెడ్డులో, టైర్ల మధ్య ఒక బెంచీ మీద గడిచింది. మర్నాడు ఆదివారం. సరిగ్గా పూజ ముగిసి జనం చర్చి మెట్లు దిగే వేళకి, లాగుడు బండికి వేలాడుతూ, డబ్బాలు గలగలమంటుండగా కొత్త జంట ఊళ్ళోకి దిగింది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు. కారు చచ్చినందుకు కాదు, ఊరు నవ్వినందుకు రొజేర్ కుమిలిపోయాడు. మా మావయ్యలు ఊరుకునే రకమా? కొత్త సంవత్సరం విందుకి మాంసం కూరిన 'పై' రొట్టె బల్ల మీద పెట్టగానే మొదలెట్టేవాళ్ళు. "అల్లుడూ, ఆయిల్ చూసుకున్నావా?" అని ఒకడు. "వాడికి మంచమెందుకురా, బెంచీ వెయ్యండి!" అని ఇంకొకడు. మా నాన్నయితే నవ్వలేక కళ్ళు తుడుచుకునేవాడు. రొజేర్ పళ్ళెంలోకి చూస్తూ తినేవాడు. ఒక ఏడాది అలా తింటూ తింటూ ఫోర్కు కింద పెట్టి, అందరూ వినేట్టు అక్కతో అన్నాడు.

"ఉగెత్, నిన్ను పెర్సేకి తీసుకెళ్తాను. దారిలో ఆగని బండి మీద తీసుకెళ్తాను. ఇదిగో, ఈ నవ్వేవాళ్ళంతా చూస్తుండగా తీసుకెళ్తాను."

అక్క నమ్మింది. నమ్మడం తప్ప దానికి వేరే చెడ్డ అలవాటు లేదు.

ఆ బండి వచ్చేసరికి ఇద్దరికీ జుట్టు నెరిసింది. పిల్లలు లేరు. రిటైరైన వసంతంలో రొజేర్, నా మొగుడు ఫెర్నాన్ ఇద్దరూ ఒకే రోజు, ఒకే షోరూంలో, ఒకే రకం బండ్లు కొన్నారు. రొజేర్‌ది ముత్యపు తెలుపు. ఫెర్నాన్ మట్టి కనబడని రంగు ఇమ్మని అడిగి బూడిద రంగుది తెచ్చుకున్నాడు. తేడా అక్కడే తెలిసిపోవాల్సింది.

బండికి వెచ్చటి చోటు కావాలన్నాడు రొజేర్. ఇంటి వెనక హీటరున్న గది ఒక్కటే. అందులో అక్క మగ్గం ఉండేది. పాత బట్టల్ని పీలికలుగా చింపి దుప్పట్లు నేసేది అక్క. ఆ దుప్పటి లేని ఇల్లు మా వీధిలో లేదు.

"చలికి బ్యాటరీ చస్తుంది. ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది," అన్నాడు రొజేర్. "మగ్గానికి చలేంటి, కొయ్యేగా?"

"పెర్సేకి తీసుకెళ్ళే బండి కదే, వెచ్చగా ఉండనియ్యి," అంది అక్క నాతో. తనే దగ్గరుండి మగ్గాన్ని విప్పించి, పీలికల బస్తాలతో సహా పెరటి షెడ్డులోకి మార్పించింది.

మే నెలలో, మంచు పోయి రోడ్ల మీద ఉప్పు కడిగేశాక, మా దగ్గర మోటార్‌సైకిళ్ళని దీవిస్తారు. చర్చి ముందు బండ్లన్నీ బారులు తీరతాయి. ఫాదర్ బకెట్టు, కుంచె పట్టుకుని మంత్రజలం చల్లుకుంటూ వస్తాడు. ఆ మొదటి ఏడాది ఫాదర్ అలా చల్లి ఇలా తిరిగాడో లేదో, రొజేర్ జేబులోంచి తోలుగుడ్డ తీసి చుక్క మిగలకుండా తుడిచేశాడు.

"దీవెన తుడిచేస్తున్నావేంటి అన్నా!" అన్నాడు ఫెర్నాన్.

"దీవించినా నీళ్ళు నీళ్ళే తమ్ముడూ. మరకలు పడతాయి."

ఫాదర్ విన్నాడు. వినీ నవ్వేశాడు. మా ఊరి ఫాదర్‌కి కూడా రొజేర్ అంటే గౌరవమే, ఏం చేస్తాం.

ఆ వేసవే బయల్దేరాల్సింది. అక్క సంచీ సర్దేసింది. కానీ హైవే మీద నడిపి చూడటానికి వెళ్ళిన రొజేర్ నల్లటి ముఖంతో తిరిగొచ్చాడు. వంద దాటగానే కాళ్ళ కింద ఏదో వణుకుతోందట. వెనక చక్రాన్ని తిప్పే బెల్టు. షోరూం మెకానిక్ తనే నడిపి చూసి, "ఇది ఈ బండ్ల తత్వం పెద్దాయనా. ఇంకాస్త వేగం పెంచితే పోతుంది. బెంగపడకుండా నడుపుకోండి," అని చెప్పాడు. ఫెర్నాన్ బండీ అలాగే వణికేది. దాన్ని ఆయన నడుం నొప్పికి మందు అనుకున్నాడు.

రొజేర్ అనుకోలేదు. "వణికేది ఏదైనా ఒకనాటికి విరుగుతుంది," అన్నాడు. బెల్టు వదులు చేశాడు, బిగించాడు, కింద చిన్న రోలరు పెట్టాడు, అది తీసి ఇంకోటి పెట్టాడు. ముందు చక్రాల వరస సరిచేయించాడు. వేసవి అయిపోయింది. బండి మీద గుడ్డ కప్పి, బ్యాటరీకి చార్జరు తగిలించి, "వచ్చే ఏడు," అన్నాడు. వచ్చే ఏడూ అదే మాట. ఆ పైయేడు బ్రేకు ఆయిల్ రంగు నచ్చలేదు. ఆలస్యం అమృతం విషం అని ఎవరైనా చెప్పొచ్చు కదా అంటారు. నేను చెప్పాను. అతను ఆ టైములో ఇంజన్ మీద చెవి పెట్టి ఉన్నాడు.

అక్క సంచీ మాత్రం అలాగే ఉంది, తలుపు పక్కన.

తర్వాత ఒక చలికాలం అక్క గుమ్మం వంకరపోయిందంది. "ఆ చెక్క చూడు, మధ్యలో వంగిపోయింది," అంది. రొజేర్ వెంటనే మట్టం పలక తెచ్చి గుమ్మానికి ఆనించి, గాజులో బుడగ కేసి చూశాడు.

"నిటారుగానే ఉంది. తేడా నీలో ఉంది," అన్నాడు. పలక తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు.

మెషీన్లో తేడా ఉంటే ఆ మనిషికి నిద్ర పట్టదు. మా అక్కలో తేడా ఉందని తనే తేల్చి చెప్పి, సుబ్బరంగా భోంచేసి పడుకున్నాడు. వసంతం వచ్చాక ఒక మధ్యాహ్నం అక్క నాకు బఠానీల సూప్ పోస్తూ గిన్నె పక్కన బల్ల మీద పోసింది. అప్పుడు నేనే కారెక్కించి కెబెక్ నగరంలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. కంటి లోపల నడిమి భాగం చెడిపోతోంది. నేరుగా చూసేది పోతుంది. అంచుల్లో కాస్త మసక మిగులుతుంది. సూదులు వేస్తారు గానీ ఆలస్యమైంది, పోయింది తిరిగి రాదు. "చూడాలనుకున్నవి ఏవైనా ఉంటే తొందరగా చూసెయ్యండమ్మా," అంది.

అక్క ఏడవలేదు. కారులో కూర్చున్నాక, "పెర్సే ఒక్కటేనే," అంది.

నేను ఇంటికొచ్చి నేరుగా ఆ వెచ్చటి గదిలోకి వెళ్ళాను. రొజేర్ నేల మీద వెల్లకిలా పడుకుని బండి కింద చూస్తున్నాడు. చెప్పాల్సింది చెప్పాను. లేచి కూర్చున్నాడు. నిజం చెప్పాలి, అతని ముఖం పాలిపోయింది.

"ఈ వేసవే," అన్నాడు. "దేవుడి మీద ఒట్టు మరదలా, ఈ వేసవే."

అందుకని బండిని మరింత జాగ్రత్తగా చూడటం మొదలెట్టాడు. ప్లాస్టిక్ తొడుగులన్నీ ఊడదీశాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఇంజన్‌కి గాలి పోయే పెట్టెలో నిజంగానే ఎలుక గూడు దొరికింది. వెచ్చటి గది కదా, రొజేర్ తన బండి కోసం వెచ్చబెట్టింది ఎలుకలకీ నచ్చింది. వైర్లు నాలుగు చోట్ల కొరికేశాయి. గూడంతా ఎర్రవీ నీలివీ గుడ్డ పీలికలు. షెడ్డులో అక్క బస్తాలు చింపి మోసుకొచ్చి కట్టుకున్నాయి.

ఆ గూడుని చేటలో పట్టుకొచ్చి వంటింటి బల్ల మీద, అక్క ముందు పెట్టాడు.

"చూడు. నీ పీలికలే. ఎన్నిసార్లు చెప్పాను, ఆ చెత్తంతా తగలెయ్యమని?"

అక్క చూడలేదు, చూడటం అప్పటికే కష్టం. చేత్తో తడిమింది. ఒక ముక్కని వేళ్ళ మధ్య నలిపి, "ఇది అమ్మ ఆప్రాను గుడ్డ," అంది. తర్వాత, "తప్పు నాదే," అంది. అప్పుడు నా చేతిలో సూప్ గరిటె ఉంది. దాన్ని అతని నెత్తిన ఎందుకు వెయ్యలేదో నాకు ఇప్పటికీ తెలీదు.

కొత్త వైర్ల కట్ట ఎక్కడినుంచో రావాలి. పాత రకం బండి, సరుకు తొందరగా దొరకదు. జూన్ పోయింది. జూలైలో ఫెర్నాన్, నేను వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాం.

"వదినా, లే. నా బండెక్కు," అన్నాడు ఫెర్నాన్. "రొలాండ్ ఇంట్లో ఉంటానంది. నాల్గు రోజుల్లో ఆ కొండ చూపించి తెస్తాను."

రొలాండ్ అంటే నేనే.

రొజేర్ లేచాడు. "ఆ చెత్త మీదా? దాని ఆయిల్ ఎప్పుడు మార్చావో నీకైనా తెలుసా? ముందు టైర్లు ఓ పక్కే అరిగిపోయాయి. నా పెళ్ళాన్ని దాని మీద ఎక్కిస్తానా? దారిలో ఆగిపోతే?"

"ఆగితే ఆగుద్ది అన్నా. ఆగిన చోట తినడానికి పుతీన్ దొరక్కపోదు."

"నవ్వు! నీకు నవ్వే!"

"పోనీ కారులో పోదాం పదవే అక్కా," అన్నాను నేను. "నీకు కావాల్సింది కొండ. బండి కాదు."

అక్క తల అడ్డంగా ఊపింది. "నేను మీతో వెళ్ళి చూసొచ్చేస్తే ఈయన మాట చెల్లిపోయినట్టే. ఇక జన్మలో తీసుకెళ్ళడు. నన్ను తీసుకెళ్తానన్నది ఈయన. ఈయనతోనే వెళ్తాను."

"కళ్ళు పోతున్నాయే మొద్దూ!"

"తెలుసు. నా కళ్ళే కదా," అంది అక్క.

'ఈయనతోనే వెళ్తాను' అన్న మాటకి రొజేర్ ఎంత పొంగిపోయాడంటే, వెళ్ళి ఇంకోసారి బెల్టు బిగించాడు. వైర్లు వచ్చేసరికి ఆకులు ఎర్రబడ్డాయి.

మరుసటి వేసవి మొదట్లో రెండు మూడు వీధుల అవతల నడుపుతుంటే వెనకనుంచి సన్నగా కీచుమని వినబడిందట. వెంటనే తిప్పుకుని ఇంటికొచ్చేశాడు. దారిలో ఆగలేదు, చూశారా. షోరూంలో విప్పి చూసి, "బెల్టు ఇంత బిగించిందెవరు? బేరింగు తినేసింది," అన్నారు. నలభై ఏళ్ళు ఇతరుల బేరింగులు కాపాడినవాడు తన బేరింగుని తనే నమిలేశాడు. మళ్ళీ విడిభాగం కోసం ఎదురుచూపులు. ఆ నెలలో ఫెర్నాన్, నేను మా మట్టి బండి మీద గాస్పేజీ చుట్టొచ్చాం. ఎక్కడా ఆగలేదు. కడగను కూడా కడగలేదు. అక్క కోసం ఒడ్డున దొరికిన ఎర్రటి గులకరాయి తెచ్చాను. అక్క దాన్ని ముఖానికి ఎదురుగా కాకుండా చెవి దగ్గర పెట్టుకుని చూసింది.

"ఇలా పెడితే కాస్త ఎరుపు తెలుస్తోందే," అంది.

రొజేర్ అడిగింది ఒక్కటే. "మీది వణికిందా?"

చివరికి వెళ్ళాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అక్క నా గొంతు విని గానీ నేనెవరో పోల్చుకోలేని ఏడాది, ఆగస్టులో, రెండు బండ్ల మీద నలుగురం బయల్దేరాం. రొజేర్ పొద్దున్నే అక్కకి హెల్మెట్ బకిల్ పెట్టి, గడ్డం కింద పట్టీ లాగి చూశాడు. సరిగ్గా బిగిసిందో లేదో మూడుసార్లు చూశాడు. అంత శ్రద్ధ! దూరం నుంచి చూసినవాళ్ళు ప్రేమ అనుకుంటారు.

నది వెడల్పవుతూ సముద్రమైపోయే ఆ తీరం రోడ్డు మీద రొజేర్ ముందు, మేం వెనక. అతను సరిగ్గా తొంభైకి కిందే నడిపాడు, వణుకు రాకుండా. వెనక లారీలు హారన్లు కొట్టినా సరే. ఒక చోట కొండకీ నీటికీ మధ్య రోడ్డు సన్నగా దూరి పోతుంది, అలల తుంపర మీద పడుతుంది. అక్క అతని భుజం తట్టడం నేను చూశాను. మళ్ళీ తట్టింది. మూడోసారి గట్టిగా తట్టింది. రొజేర్ తల అడ్డంగా ఊపి ముందుకే పోయాడు.

పెట్రోలు బంకులో దిగాక నేను అడిగాను. "ఎందుకు ఆపలేదు బావా? దానికి అక్కడ దిగాలనిపించింది."

"చక్కగా నడుస్తోంది మరదలా. వేడి నిలకడగా ఉంది. ఇలా నడిచేటప్పుడు ఊరికే ఆపకూడదు." చెప్తూనే వంగి బెల్టు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఆ ఉప్పు వాసన దగ్గర నిలబడదామనిపించిందంతే," అంది అక్క. "పోనీలే."

పెర్సేకి మర్నాడు మధ్యాహ్నం చేరాం. ఊళ్ళోకి దిగే మలుపులో ఆ కొండ ఒక్కసారిగా కనిపిస్తుంది, కనిపించేవాళ్ళకి. ఒడ్డున బండ్లు ఆపాం. ఎండ బాగుంది, ఆటుకి నీళ్ళు వెనక్కి పోయాయి, పక్షులు గోల గోలగా అరుస్తున్నాయి. అక్క హెల్మెట్ తీసి, జుట్టు సర్దుకుని, ఎటు చూడాలో తెలియక నిలబడింది. ఆమె ముఖం ఐస్‌క్రీమ్ కొట్టు వైపు ఉంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"కనిపిస్తోందా అక్కా?"

"నేరుగా చూస్తే మాయమైపోతోందే. పక్కకి చూస్తుంటే ఓ మూల ఏదో గోడలా ఉంది. అదేనా?"

అలా తల పక్కకి తిప్పి, కంటి కొసతో, ఎంతో ఓపిగ్గా ఆ గోడని పట్టుకోబోతోంది. ఇంతలో రొజేర్ వచ్చాడు. అతని ముఖం వెలిగిపోతోంది. పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు.

"చూశావా ఉగెత్? ఒక్కసారి కూడా ఆగలేదు! అయ్యో, అటు కాదే, ఎటు చూస్తున్నావ్? ఇటు!"

రెండు చేతులతో అక్క బుగ్గలు పట్టుకుని ముఖాన్ని తిప్పాడు. ముందు చక్రాల వరస సరిచేసేవాడిలా అటు కాస్త, ఇటు కాస్త తిప్పి, సరిగ్గా కొండకి ఎదురుగా నిలిపాడు. నేరుగా. మా అక్కకి ఏమీ లేని చోటికి.

"ఆఁ! ఇప్పుడు సరిగ్గా ఉంది. కదలకు. కనబడిందా?"

అక్క కదల్లేదు. అతని చేతుల మధ్య అలాగే కాసేపు నిలబడి, "కనబడింది," అంది.

"ఎలా ఉంది?"

"క్యాలెండర్‌లో ఉన్నట్టే ఉంది."

రొజేర్ గట్టిగా ఊపిరి వదిలాడు. మాట చెల్లిపోయింది. అక్క బుగ్గలు వదిలేసి, వెళ్ళి బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బెల్టు చూసుకున్నాడు. ఫెర్నాన్ సముద్రం వైపు తిరిగి, చర్చి సామాన్లన్నీ ఒక్కొక్కటే పేరు పెట్టి తిట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకే," అంది అక్క, గొంతు వినబడే వైపు చెయ్యి చాపి. "డాక్టరమ్మ చెప్పింది కదా, మధ్యలోది పోతుంది, అంచులు ఉంటాయని. దారంతా నా చూపు మధ్యలో ఉన్నది ఏంటనుకున్నావ్? మీ బావ వీపు. అది పోయింది. సముద్రం రెండు పక్కలా కాస్త కాస్త తెలిసింది." నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మా అక్క నవ్వు అలా ఉండదు.

తిరిగి వచ్చాక ఆదివారం పూజ అయిపోయే వేళకి రొజేర్ చర్చి ముందు తెల్లటి బండి ఆపుకుని నిలబడ్డాడు. పెర్సే వెళ్ళొచ్చామనీ, ఒక్కచోట కూడా ఆగలేదనీ మెట్లు దిగే ప్రతివాళ్ళకీ చెప్పాడు. వాళ్ళు 'బాగుంది' అని కార్లెక్కి పోయారు. పెళ్ళినాటి ఆ డబ్బాల మోతకి నవ్వినవాళ్ళలో ఎవరున్నారని? మా నాన్న, మావయ్యలు అందరూ చర్చి వెనక రాళ్ళ కింద పడుకున్నారు. నవ్వినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. నాకు నవ్వు రాలేదు.

మంచు పడటానికి ముందు, బండి దాచిపెట్టే రోజుల్లో, నేను వాళ్ళింట్లో ఉన్నప్పుడే అక్క అంది. "రొజేర్, ఆ వెనక సీటు తీసెయ్యి."

"ఎందుకే?"

"నేనిక ఎక్కను. బరువు తగ్గితే నీ బెల్టుకి మంచిది."

ఏ మనిషైనా ఆ మాటకి ఆగుతాడు. కనీసం ముఖం కేసి చూస్తాడు. రొజేర్ గడ్డం గోక్కుని కాసేపు ఆలోచించాడు.

"నిజమే. నాకు తట్టనే లేదు," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే సీటూ, దిండూ, కాళ్ళు పెట్టుకునే పలకలూ విప్పేసి, ఆ చోట పనిముట్ల పెట్టె బిగించాడు. హైవే మీదికి పోయొచ్చాడు. మేం వంటింట్లో ఉన్నాం. హెల్మెట్ కూడా తియ్యకుండా లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"పోయిందే ఉగెత్! వణుకు పోయింది! ఇన్నేళ్ళ నుంచీ తేడా ఎక్కడుందా అని చస్తున్నాను. ఆ వెనక సీటు బరువే! బండిలో ఏ లోపమూ లేదు!"

అక్క బల్ల మీద టీ కప్పు కోసం తడుముకుంటోంది. "మంచిది," అంది. "ఇంక హాయిగా తిరుగు."

రొజేర్ ఆ సీటుని శుభ్రంగా తుడిచాడు. తోలు ఎండిపోకుండా నూనె పట్టించి, ఎలుకలు రాకుండా పుదీనా తైలం పూసి, పాత దుప్పట్లో చుట్టి, పెరటి షెడ్డులో మగ్గం పక్కన పెట్టాడు.